రంగు నడిచే దారులు

చేప ఒంటి రంగు నిమిషాల్లో మారిపోతుంది. దానికి పౌడరూ అక్కర్లేదు, క్రీమూ అక్కర్లేదు. పొలుసు మీది కణాల్లో వేల రంగు రేణువులు ఒక్కసారిగా బయల్దేరి ప్రయాణం చేస్తాయంతే! ఆ ప్రయాణం ఏ దారిలో సాగుతోందో వెతుక్కుంటూ వెళ్తే క్యాన్సర్‌ మందుల గుట్టు కూడా అర్థమవుతుంది. మన చర్మం రంగు వెనకున్న కథా తెలుస్తుంది.

కృష్ణానగర్‌లో రంగు ఒక బతుకుతెరువు. జూనియర్‌ ఆర్టిస్టులు, మేకప్‌ అసిస్టెంట్లు, కాస్ట్యూమ్స్‌ వాళ్లు, ఒక్క ఛాన్స్‌ కోసం ఊళ్లొదిలి వచ్చిన కుర్రాళ్లు... అందరికీ రంగుతోనే పని. తెల్లవారుతుండగానే షూటింగ్‌ బళ్లెక్కి వెళ్లి అద్దం ముందు కూర్చుంటే, మొహమ్మీద ఒక పొర, దాని మీద ఇంకో పొర వేసి మేకప్‌మ్యాన్‌ మనిషిని మార్చేస్తాడు. సాయంత్రం కొబ్బరినూనె రాసి తుడిస్తే మళ్లీ మామూలే. ఆ కాసేపటి రంగు కోసమే ఎంతమంది ఎన్ని క్రీములు కొంటారో! 'మొహం బాగుంది, రంగే కాస్త తక్కువ' అన్న మాట ఈ గల్లీల్లో ఎందరి ఆశల మీదో నీళ్లు చల్లింది.

ఇంత కష్టమైన పనిని చేప నిమిషాల్లో చేసుకుంటుంది. నల్లరాళ్లు పరిచిన తొట్టెలో ముదురు రంగులో ఉన్న చేపని తెల్లరాళ్ల తొట్టెలోకి మార్చి చూడండి. చాలా రకాల చేపలు కాసేపట్లోనే పాలిపోతాయి. భయపడినా అంతే, చీకటి పడినా అంతే. తిరిగి నల్లరాళ్ల మీదికి తెస్తే మళ్లీ ముదురు రంగు! ఈ మార్పులో చేప ఒంట్లోంచి రంగు ఎక్కడికీ పోలేదు. కొత్తగా ఒక్క చుక్క రంగూ తయారు కాలేదు. ఉన్న రంగే చోటు మారింది.

రంగులు మార్చడమంటే మనకి ముందు గుర్తొచ్చేది ఊసరవెల్లి. దాని చర్మంలోని అతిసన్నని స్ఫటికాల మధ్య దూరం మారడంవల్లే ఆ మార్పులో చాలా భాగం జరుగుతుందని జెనీవా శాస్త్రవేత్తలు 2015లో తేల్చారు. చేప ముదురు, లేత రంగుల మధ్య మారే తీరు వేరు. అది నిజంగా నడక... రంగు నడిచి వెళ్తుంది, నడిచి వస్తుంది.

పొలుసు మీద నక్షత్రాలు

చేప చర్మంలో, పొలుసుల మీద ఉండే పల్చటి పొరలో మెలనోఫోర్లు అనే కణాలుంటాయి. మామూలు మైక్రోస్కోపులో చూస్తే నల్లటి నక్షత్రాల్లా కనిపిస్తాయి. ఒక్కో కణం నిండా మెలనిన్‌ అనే నల్లటి పదార్థం నింపుకున్న వేల రేణువులు. వీటినే మెలనోసోమ్‌లంటారు. ఈ రేణువులు కణమంతా పరుచుకుంటే చేప నల్లగా కనిపిస్తుంది. అవన్నీ కణం నడిమధ్యకి చేరి చిన్న చుక్కలా ముడుచుకుంటే మిగతా కణం గాజులా మారిపోతుంది. అప్పుడు చేప తెల్లగా కనిపిస్తుంది. వాకిట్లో చల్లిన నువ్వుల్ని ఊడ్చి ఒక మూలకి కుప్పగా పోశామనుకోండి. నువ్వులు అన్నే ఉంటాయి, వాకిలి మాత్రం తెల్లబడుతుంది. అచ్చం అలాగే!

మరి నువ్వుల్ని ఊడ్చేదెవరు? కణంలో చీపురు లేదు, గాలి లేదు. రేణువులు నీళ్లలో కొట్టుకుపోయే చెత్తలా ఎటుపడితే అటు పోవడమూ లేదు. గీత గీసినట్టు మధ్య నుంచి అంచుకి, అంచు నుంచి మధ్యకి వరసలు కట్టి వెళ్తాయి. అంటే లోపల ఎక్కడో దారులున్నాయన్నమాట.

ఆ దారులే మైక్రోట్యూబ్యూల్స్‌. తెలుగులో చెప్పాలంటే సూక్ష్మనాళికలు. 1963లో మైరాన్‌ లెడ్‌బెటర్‌, కీత్‌ పోర్టర్‌ అనే శాస్త్రవేత్తలు మొక్కల కణాల్ని ఎలక్ట్రాన్‌ మైక్రోస్కోపులో చూసి వీటికి ఆ పేరు పెట్టారు. ట్యూబ్యులిన్‌ అనే ప్రొటీన్‌ ముక్కలు ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూ పోతే ఏర్పడే బోలు గొట్టాలివి. మందం 25 నానోమీటర్లు. మన తలవెంట్రుక మందంలో ఇలాంటివి సుమారు మూడువేల గొట్టాల్ని పక్కపక్కనే పేర్చొచ్చు!

అమీర్‌పేట కూడలి... కృష్ణానగర్‌ గల్లీ

మెలనోఫోర్‌ లోపలి ట్రాఫిక్‌ అర్థం కావాలంటే అమీర్‌పేట చౌరస్తాని తలుచుకుంటే చాలు. అక్కణ్నుంచి పంజాగుట్ట వైపొక రోడ్డు, ఎస్‌.ఆర్‌.నగర్‌ వైపొకటి, బేగంపేట వైపొకటి, యూసఫ్‌గూడ వైపు ఇంకొకటి. కణం మధ్యలోనూ ఇలాంటి కూడలి ఒకటుంటుంది. పేరు సెంట్రోసోమ్‌. మైక్రోట్యూబ్యూల్స్‌ అన్నీ దాన్నుంచి బండిచక్రం ఆకుల్లా నలువైపులకీ వెళ్తాయి.

రోడ్లుంటే సరిపోదుగా, బండి నడిపేవాళ్లు కావాలి. ఆ పని చేసేవి మోటారు ప్రొటీన్లు. కైనెసిన్‌ రేణువుల్ని కూడలి నుంచి ఊరి చివరకి తీసుకెళ్తుంది. డైనీన్‌ ఊరి చివర నుంచి కూడలికి తెస్తుంది. 'వెళ్లేది' ఒకటి, 'వచ్చేది' ఒకటి. డైనీన్‌కి 1965లో పేరు పెట్టింది ఇయాన్‌ గిబ్బన్స్‌. కైనెసిన్‌ని 1985లో రాన్‌ వేల్‌, మైఖేల్‌ షీట్జ్‌, థామస్‌ రీస్‌ కనిపెట్టారు. వాళ్లు వెతికింది స్క్విడ్‌ అనే సముద్రజీవి నరంలో. కైనెసిన్‌ నిజంగానే రెండు కాళ్లతో నడిచినట్టు నడుస్తుంది. ఒక్కో అడుగు 8 నానోమీటర్లు. సెకనుకి వంద అడుగుల దాకా వెయ్యగలదు. ప్రతి అడుగుకీ ఏటీపీ అనే ఇంధనం ఒకటి ఖర్చు.

తమాషా ఏమిటంటే, ఒకే రేణువు మీద వెళ్లే డ్రైవరూ వచ్చే డ్రైవరూ ఇద్దరూ ఉంటారు. మరి ఎవరు నడపాలో తేల్చేదెవరు? చేప నాడీవ్యవస్థ, హార్మోన్లు. భయమో తెల్లటి నేలో ఎదురైతే నాడుల నుంచి నోరడ్రినలిన్‌ అందుతుంది. కణంలో సైక్లిక్‌ ఏఎంపీ అనే రసాయనం తగ్గుతుంది. పగ్గాలు డైనీన్‌ చేతికొస్తాయి. రేణువులు మధ్యకి పరుగెడతాయి. నల్లటి నేల మీదికి రాగానే ఇంకో హార్మోన్‌ ఆ రసాయనాన్ని పెంచుతుంది. అప్పుడు కైనెసిన్‌ది పైచేయి. రేణువులు అంచులకి బయల్దేరతాయి.

అయితే మెయిన్‌రోడ్డు మీద దిగినంత మాత్రాన ఇల్లు చేరినట్టు కాదు. కృష్ణానగర్‌ వాళ్లకి ఆ సంగతి బాగా తెలుసు. మెయిన్‌రోడ్డు నుంచి లోపలి గల్లీలకి వెళ్లాలంటే ఆటోనో కాలినడకో తప్పదు. కణంలో గల్లీలు యాక్టిన్‌ అనే సన్నటి పోగులు. వాటి మీద ఆటో నడిపేది మయోసిన్‌. వ్లదిమీర్‌ రోడియొనోవ్‌, గేరీ బోరిసీ తదితరులు 1998లో చేప కణాల్లోనే ఈ సంగతి తేల్చారు. రోడ్లు తీసేసి గల్లీలు మాత్రమే ఉంచితే రేణువులు దిక్కూ దరీ లేకుండా తచ్చాడాయి. గల్లీలు తీసేసి రోడ్లు ఉంచితే కణమంతా సమంగా పరుచుకోలేకపోయాయి. రెండూ ఉంటేనే రంగు ఒంటినిండా ఒక్కతీరుగా పడుతుంది.

తెంపిన ముక్కలో కొత్త చౌరస్తా

ఈ చేప కణంతో శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాల్లో అన్నింటికంటే ఆశ్చర్యం కలిగించేది ఒకటుంది. నక్షత్రంలాంటి ఆ కణానికుండే కొమ్మని సన్నటి సూదితో తెంపేస్తే ఏమవుతుంది? కూడలి అసలు కణంలోనే ఉండిపోయింది. తెగిన ముక్కలో ఉన్నవి కొన్ని రోడ్లు, కొన్ని రేణువులే. ట్రాఫిక్‌ ఆగిపోవాలి కదా!

ఆగలేదు. 1984లో మార్క్‌ మెక్‌నివెన్‌, కీత్‌ పోర్టర్‌ బృందం ఏంజెల్‌ఫిష్‌ కణాల్లో ఈ పని చేసి చూసింది. కొన్ని గంటల్లో తెగిన ముక్కలోని రోడ్లు తమంత తామే దిశ మార్చుకుని అమరాయి. రేణువులు ఆ ముక్క మధ్యకి చేరడం మొదలుపెట్టాయి. 1997లో రోడియొనోవ్‌, బోరిసీ అక్వేరియం షాపుల్లో మామూలుగా దొరికే బ్లాక్‌ టెట్రా చేప కణాలతో దీన్ని ఇంకా ముందుకి తీసుకెళ్లారు. కూడలి లేని ముక్కలో రేణువుల గుంపూ, వాటికి అంటుకున్న డైనీన్‌లూ కలిసి రోడ్లని చుట్టూ చక్రంలా పేర్చుకుంటున్నాయని చూపించారు. అంటే బస్సులన్నీ ఒకచోట చేరి అక్కడే చౌరస్తా కట్టేసుకున్నట్టు!

మైక్రోట్యూబ్యూల్స్‌ తారురోడ్ల లాంటివి కావని దీన్నిబట్టి తెలుస్తుంది. కొసన ముక్కలు చేరుతూ, ఉన్నట్టుండి రాలిపోతూ అవి నిత్యం కట్టుకుంటూ కూలుతూ ఉంటాయి. టిమ్‌ మిచిసన్‌, మార్క్‌ కిర్ష్‌నర్‌ 1984లోనే ఈ అస్థిరతని వివరించారు. కణానికి ఈ అస్థిరతే బలం. ఎప్పుడు ఎక్కడ అవసరమైతే అక్కడ దారి వేసుకోవచ్చు. ఆ పనిని ఆపేస్తే? క్యాన్సర్‌ మందులు సరిగ్గా అదే చేస్తాయి.

అడవినాభి, బిళ్లగన్నేరు

అసలు ట్యూబ్యులిన్‌ ఎలా దొరికిందో చెప్పుకుంటే మన అడవుల్లోని ఓ పువ్వు గుర్తొస్తుంది. వానాకాలంలో ఎర్రగా పసుప్పచ్చగా మంటలా పూసే అడవినాభి. దీన్నే అగ్నిశిఖ అనీ అంటారు. దీని దుంపలో, విత్తనాల్లో కాల్చిసిన్‌ అనే రసాయనం ఉంటుంది. కొంచెం ఎక్కువైనా ప్రాణం తీసే విషం. వైద్యుల చేతిలో, మోతాదులో అయితే గౌట్‌ అనే కీళ్లవ్యాధికి మందు.

కాల్చిసిన్‌ తగిలిన కణం రెండుగా చీలలేదు. ఎందుకో తేల్చే పనిని 1960లలో షికాగో విశ్వవిద్యాలయంలో ఎడ్విన్‌ టేలర్‌ దగ్గర చదువుకుంటున్న కుర్రాడు భుజానికెత్తుకున్నాడు. అతనే గేరీ బోరిసీ. తర్వాతి రోజుల్లో చేప కణాలు ముందేసుకుని కూర్చున్న బోరిసీయే! రేడియోధార్మికత కలిపిన కాల్చిసిన్‌ని వదిలి, అది కణంలో దేనికి అతుక్కుంటోందో వెతికారు. 1967లో సమాధానం దొరికింది. మైక్రోట్యూబ్యూల్స్‌ని కట్టే ఇటుకకే అది అతుక్కుంటోంది. దానికే తర్వాత ట్యూబ్యులిన్‌ అన్న పేరొచ్చింది. ఆ వెతుకులాటలో ఇంకో విషయమూ బయటపడింది. ఈ ఇటుకలు చీలుతున్న కణాల్లోనే కాదు, అసలు చీలని మెదడు కణాల్లోనూ కుప్పలుతెప్పలుగా ఉన్నాయి! ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములని చెరోవైపుకీ పంచిపెట్టేవి మైక్రోట్యూబ్యూల్సే. పద్దాకా చీలడమే క్యాన్సర్‌ కణాల పని కాబట్టి ఈ దారుల్ని దెబ్బతీస్తే అవి చస్తాయి. ఆ పని చేసే మందు మన పెరట్లోనే పూస్తోంది. తెల్లగా, గులాబీరంగులో ఏడాది పొడుగునా పూసే బిళ్లగన్నేరులోంచి తీసిందే విన్‌క్రిస్టిన్‌. 1963లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు పిల్లలకొచ్చే రక్తక్యాన్సర్‌ చికిత్సలో ఇప్పటికీ ముఖ్యమైనదే. ఇది రోడ్లు కట్టనివ్వదు. రొమ్ము, అండాశయ క్యాన్సర్లకి వాడే పాక్లిటాక్సెల్‌ది ఇంకో దారి. ఇది కట్టిన రోడ్డుని కూలనివ్వదు! పసిఫిక్‌ యూ అనే చెట్టు బెరడులోని ఈ రసాయనం నిర్మాణాన్ని 1971లో మన్రో వాల్‌, మన మహారాష్ట్రలోని నందుర్బార్‌లో పుట్టిన మన్సుఖ్‌ వాణీ వెల్లడించారు. అది మైక్రోట్యూబ్యూల్స్‌ని బిగించేస్తోందని 1979లో సూసన్‌ హార్విట్జ్‌ బృందం తేల్చింది. కట్టనివ్వకపోయినా, కూలనివ్వకపోయినా ఫలితం ఒకటే... కణం చీలలేక ఆగిపోతుంది.

అలాగని బిళ్లగన్నేరు ఆకు నమిలితేనో, అడవినాభి దుంప అరగదీసి తాగితేనో జబ్బు తగ్గుతుందనుకుంటే ప్రాణాలకే ముప్పు. మొక్కలో ఉన్నది విషం. దాన్ని శుద్ధిచేసి, లెక్కకట్టి, వైద్యులు ఇస్తేనే అది మందు.

తిమ్మిరి ముందు కాళ్లకే ఎందుకు?

కృష్ణానగర్‌ నుంచి ఎంతో దూరం లేని పంజాగుట్ట నిమ్స్‌లోనూ, రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్‌ ఆసుపత్రిలోనూ చికిత్స కోసం రెండు రాష్ట్రాల నుంచీ వచ్చేవాళ్లు చాలామంది. ఈ రకం మందులు తీసుకునేవాళ్లలో ఎక్కువగా వినిపించే ఫిర్యాదులు రెండు. ఒకటి, జుట్టు రాలడం. వెంట్రుక కుదుళ్లలో కణాలు కూడా చకచకా చీలుతుంటాయి. మందుకి అవీ క్యాన్సర్‌ కణాల్లాగే కనిపిస్తాయి. చికిత్స పూర్తయ్యాక చాలామందికి జుట్టు తిరిగి వస్తుంది.

రెండోది అంత తేలిగ్గా అర్థంకాదు. కాలివేళ్లలో తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టుండటం, చెప్పు జారిపోయినా తెలియకపోవడం, చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం. కాళ్లకి సాక్సులు, చేతులకి గ్లోవ్స్‌ వేసుకున్నట్టుగా సరిగ్గా అంతమేరే స్పర్శ మొద్దుబారుతుంది. నరాల కణాలు చీలవు కదా... మరి వాటికేమైంది?

చేప కణాన్ని గుర్తుచేసుకుంటే సమాధానం దొరుకుతుంది. నరానికి మైక్రోట్యూబ్యూల్స్‌ ఉన్నవి చీలడానికి కాదు, రవాణాకి. కాలి బొటనవేలి దాకా వెళ్లే నరానికి దాని కణం వెన్నెముక దగ్గరుంటుంది. మధ్యలో దాదాపు ఒక మీటరు దూరం! వేలి కొసకి కావాల్సిన సరుకులు చాలావరకు ఆ కణంలోనే తయారై మైక్రోట్యూబ్యూల్స్‌ మీదుగా కైనెసిన్‌ భుజాలెక్కి వెళ్లాలి. ఎంత వేగంగా వెళ్లినా రోజుకి 400 మిల్లీమీటర్లు. అంటే రెండున్నర రోజుల ప్రయాణం. దారి దెబ్బతింటే మొదట ఇబ్బంది పడేది ఊరి చివరి ఇల్లే. అందుకే ముందు కాలివేళ్లు, తర్వాత చేతివేళ్లు. బోరిసీ మెదడులో అన్ని ట్యూబ్యులిన్‌లు ఎందుకు చూశారో ఇప్పుడు అర్థమైంది కదా. నరాల పెద్దపని ఈ రవాణాయే.

ఇది తెలిసినందువల్ల రోగికి ఒరిగేదేమిటి? చాలానే ఉంది. తిమ్మిరి 'నీరసం వల్ల' వచ్చింది కాదు, 'అంతే ఉంటుందిలే' అని ఓర్చుకోవాల్సిందీ కాదు. అది మందు నరాల దారుల్ని తాకుతోందనడానికి గుర్తు. మొదలైన వెంటనే డాక్టరుకి చెబితే మోతాదు తగ్గించడమో, వ్యవధి పెంచడమో, మందు మార్చడమో చేస్తారు. చెప్పకుండా దాచుకుంటే కొందరిలో తిమ్మిరి ఏళ్ల తరబడి ఉండిపోవచ్చు. సొంతంగా చికిత్స మానేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చెయ్యకూడని పని.

మనకి రంగెందుకు మారదు?

ఇక మళ్లీ రంగు దగ్గరికే వద్దాం. మన చర్మంలోనూ రంగు తయారుచేసే కణాలున్నాయి. వాటిని మెలనోసైట్లు అంటారు. వాటిలోనూ మెలనోసోమ్‌లున్నాయి, మైక్రోట్యూబ్యూల్స్‌ ఉన్నాయి, గల్లీ చివర ఆటో నడిపే మయోసిన్‌ కూడా ఉంది. కానీ చేపకీ మనకీ ఒక్క తేడా. చేపలో రేణువులు అంచుకి వెళ్లి తిరిగొస్తాయి. మనలో వెళ్లినవి తిరిగిరావు. మెలనోసైట్‌ తన చేతుల్లాంటి కొమ్మల చివరిదాకా రేణువుల్ని పంపి పక్కనున్న చర్మకణాలకి పంచిపెడుతుంది. ఒక్కో మెలనోసైట్‌ ఇలా సుమారు 36 కణాలకి రంగు సరఫరా చేస్తుంది. అందుకున్న కణం ఆ రేణువుల్ని తన కేంద్రకం నెత్తిన గొడుగులా పట్టుకుంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు లోపలి డీఎన్‌ఏని తాకకుండా కాపాడేది ఆ గొడుగే.

గొడుగు పట్టిన కణం పైపైకి వచ్చి, నాలుగు వారాల్లో మట్టిగా రాలిపోతుంది. ఈలోగా కొత్త కణం, కొత్త రేణువులు. అందుకే ఎండకి కమిలిన రంగు దిగడానికి వారాలు పడుతుంది.

ఈ సరఫరా దారి పుట్టుకతోనే తెగిపోతే ఏమవుతుందో చూపించే అరుదైన జబ్బు ఒకటుంది. ఫ్రాన్స్‌లో క్లాడ్‌ గ్రిసెల్లీ బృందం 1978లో వివరించింది కాబట్టి గ్రిసెల్లీ సిండ్రోమ్‌ అంటారు. ఈ పిల్లల్లో రంగు తయారవుతుంది కానీ, గమ్యం చేరదు. జుట్టు వెండిలా మెరుస్తుంది. ఒక రకంలో నాడీవ్యవస్థ దెబ్బతింటుంది. ఇంకో రకంలో రోగనిరోధక కణాలు పనిచెయ్యవు. ఎందుకంటే రంగుని మోసే ఏర్పాట్లే ఆ పనులకీ కావాలి. పసిపిల్లల వెండిజుట్టుని చూసి ముచ్చటపడి ఊరుకోకుండా, తరచూ జ్వరాలూ ఇన్ఫెక్షన్లూ వస్తుంటే వెంటనే వైద్యులకి చూపించాలి. ఒక వెంట్రుకని మైక్రోస్కోపు కింద పెట్టినా మొదటి ఆధారం దొరుకుతుంది.

ఆ చేప నుంచి హబ్సిగూడ దాకా

మరి ఒకరు చామనఛాయ, ఒకరు నలుపు, ఇంకొకరు తెలుపు ఎందుకవుతారు? రంగు కణాల సంఖ్య అందరిలోనూ దాదాపు ఒకటే. తేడా అంతా రేణువుల పరిమాణంలో, వాటిలో నిండే మెలనిన్‌లో, అవి చర్మకణాల్లో పరుచుకునే తీరులో ఉంది. ఈ చిక్కుముడిలో ఒక పోగుని విప్పింది కూడా చేపే!

మన దేశపు ఏరుల్లో, పొలాల కాలువల్లో తిరిగే చారల జీబ్రా చేప తెలుసుగా. వాటిలో చారలు లేతగా ఉండే ఒక రకానికి 'గోల్డెన్‌' అని పేరు. దానిలో రంగు రేణువులు తక్కువ, చిన్నవి, పల్చనివి. అమెరికాలోని పెన్‌స్టేట్‌లో కీత్‌ చెంగ్‌ బృందం 2005లో దానికి కారణమైన జన్యువుని పట్టుకుంది. ఎస్‌ఎల్‌సీ24ఏ5 అని పిలిచే ఆ జన్యువు మనుషుల్లోనూ ఉంది. మనిషి జన్యువు సందేశాన్ని గోల్డెన్‌ చేప పిండంలోకి ఎక్కిస్తే దానికి మళ్లీ నలుపు రంగు వచ్చింది! ఐరోపావాళ్లలో ఈ జన్యువులో ఒక్క అక్షరం మారి ఉంటుందని, వాళ్ల తెల్లదనానికి అదో ముఖ్య కారణమని కూడా ఆ బృందం చూపించింది.

మరి మన సంగతి? కృష్ణానగర్‌ వాళ్లు యూసఫ్‌గూడ స్టేషన్లో మెట్రో ఎక్కితే, అమీర్‌పేట మీదుగా అదే లైన్లో హబ్సిగూడలో దిగొచ్చు. ఆ హబ్సిగూడలోని సీసీఎంబీకి చెందిన కుమారసామి తంగరాజ్‌, విదేశీ శాస్త్రవేత్త టూమస్‌ కివిసిల్ద్‌, చందనా బసు మల్లిక్‌ తదితరులతో కలిసి 2013లో జవాబిచ్చారు. దక్షిణ భారతానికి చెందిన 1228 మంది చర్మం రంగుని పరికరంతో కొలిచారు. భారత ఉపఖండంలోని 54 సమూహాలకి చెందిన 1573 మంది జన్యువుల్ని పరిశీలించారు. తేలిందేమిటంటే... లేతరంగునిచ్చే ఆ అక్షరం మనదేశంలోనూ విస్తారంగా ఉంది. ఐరోపావాళ్లదీ మనదీ ఒకే మూలం నుంచి వచ్చిన మార్పు. దాని వయసు 22 నుంచి 28 వేల సంవత్సరాలు. దక్షిణాదివాళ్ల రంగులో కనిపించే తేడాల్లో సుమారు 27 శాతానికి ఆ ఒక్క అక్షరమే కారణం.

అంటే, ఒకే ఇంట్లో అక్క తెల్లగా చెల్లి నల్లగా పుడితే అందులో ఎవరి గొప్పా లేదు, ఎవరి లోపమూ లేదు. గర్భిణి తిన్న కుంకుమపువ్వుకీ దానికీ సంబంధం లేదు. వేల ఏళ్ల కిందట మారిన ఒక అక్షరం, ఇంకా బోలెడు జన్యువులు, కాస్త ఎండ... అంతే కథ.

క్రీము ఎక్కడ ఆగిపోతుందంటే...

కథ ఇంతే అయినా అమ్మకాలు ఆగవుగా! దశాబ్దాలపాటు 'ఫెయిర్‌' అన్న మాటతోనే అమ్ముడైన క్రీము 2020లో పేరు మార్చుకుని గ్లో అండ్‌ లవ్లీ అయింది. పేర్లు మారినా ఆశ మారలేదు. అసలు ప్రమాదం వాటికంటే మందులషాపులో 'మొహానికి ఏదైనా మంచి ట్యూబ్‌ ఇవ్వండి' అని అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్‌ క్రీములతో ఉంది. మొదట్లో మొహం తేటపడినట్టే ఉంటుంది. వాడుతూ పోతే చర్మం పల్చబడుతుంది, రక్తనాళాలు పైకి కనిపిస్తాయి, మొటిమలూ అవాంఛిత రోమాలూ వస్తాయి. మానేస్తే మొహం ఎర్రబడి మండుతుంది. అందుకే కేంద్ర ప్రభుత్వం 2018లో ఇలాంటి స్టెరాయిడ్‌ పూతమందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. చీటీ అడగని షాపుల్లో మాత్రం కొనేవాళ్లే జాగ్రత్తపడాలి. లైట్ల కింద ఎలా కనిపించాలన్నది మేకప్‌మ్యాన్‌ చూసుకుంటాడు. దానికోసం చర్మాన్నే పాడుచేసుకోవడం ఏ సినిమాకీ అక్కర్లేదు.

ఈ కథలో మొదటి అంకాన్ని బళ్లోనే చూడొచ్చు. వీపు నల్లగా ఉన్న చేప నుంచి అప్పుడే తీసిన తాజా పొలుసు, ఉప్పునీళ్ల చుక్క, ప్రయోగశాలలోని మామూలు మైక్రోస్కోపు ఉంటే చాలు. ముందు నక్షత్రాల్లా విచ్చుకున్న కణాలు కనిపిస్తాయి. ఆ చుక్క తీసేసి సైన్సు మాస్టారి చేత పొటాషియం క్లోరైడ్‌ ద్రావణం వేయించండి. పొలుసుకి అంటుకున్న నరాల కొసలు మేల్కొని సంకేతమిస్తాయి. కొద్ది నిమిషాల్లో నక్షత్రాలు చుక్కలైపోతాయి. మళ్లీ ఉప్పునీళ్లతో కడిగితే మెల్లగా విచ్చుకుంటాయి.

రంగు తక్కువని బెంగపడే పిల్లలెవరైనా ఇంట్లో ఉంటే వాళ్లనే ముందు కూర్చోబెట్టి చూపించండి. నలుపుని మోసుకెళ్లే అలాంటి దారులే వాళ్ల కాలివేలి దాకా నరానికి కావాల్సిన సరుకుల్నీ మోస్తున్నాయని, వాళ్ల చర్మంలోనూ అలాంటి రేణువులే రోజూ ఎండకి గొడుగు పడుతున్నాయని చెప్పండి.